ఇంట్లోకి పాకే గుల్లలేని నత్తలు: ఉప్పు, గుళికలు ఎందుకు వద్దు?

తొలకరి కురిసి నేల చల్లబడిన తరువాత విస్తరణ శాస్త్రవేత్తల ఫోన్లకు వచ్చే ఛాయాచిత్రాలలో పంట పొలంతో సంబంధం లేనివి కొన్ని కనిపిస్తాయి. స్నానాలగది గచ్చుపై ముడుచుకొని ఉన్న నల్లని జీవి, వంటగట్టు కింద మెరిసే జిగురు చార, తులసి కుండీ అంచున పాకుతున్న వేలెడు పొడవు మెత్తని ప్రాణి. ఇది జలగేనా, రక్తం పీలుస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఏ మందు చల్లాలి అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు సులభం. ఇది జలగ కాదు, రక్తం పీల్చదు. ఇది గుల్లలేని నత్త; స్లగ్ అన్న పేరుతో విద్యార్థులకు పరిచయమే. జాగ్రత్త అవసరమైనది రెండో ప్రశ్న దగ్గర. చాలా సందర్భాలలో దానికి అందే జవాబు పొలం కోసం రాసిన సిఫారసు, అంటే మెటాల్డిహైడ్ గుళికలు. లేదంటే ఇరుగుపొరుగువారు చెప్పే గుప్పెడు ఉప్పు. పసిపిల్లలు పారాడే గచ్చుకు, పెంపుడు కుక్క తిరిగే వసారాకు, ఆకుకూర పెరిగే కుండీకి ఈ రెండింటిలో ఏదీ తగినది కాదు.

తెలుగు రాష్ట్రాల ఇళ్లలో తరచుగా కనిపించేది లెవికాలిస్ ఆల్టె అనే జాతి. వెరోనిసెల్లిడే కుటుంబానికి చెందిన ఈ జీవి పుట్టినిల్లు ఆఫ్రికా ఖండం. మొక్కలు, మట్టి, సరుకుల రవాణాతో పాటు అనేక ఉష్ణమండల దేశాలకు వ్యాపించింది. వీపు నలుపు లేదా ముదురు గోధుమ రంగులో ఉండి, దాని నడుమ తల నుంచి తోక వరకు సన్నని లేత గీత కనిపిస్తుంది. తలపై రెండు జతల స్పర్శకాలుంటాయి. పై జత చివర కళ్లుంటాయి. పుల్లతో వెల్లకిలా తిప్పి చూస్తే గుర్తింపు మరింత సులభమవుతుంది. శరీరం వెడల్పుతో పోలిస్తే పాకే పాదం సన్నని పట్టీలా ఉంటుంది. ప్రతి జీవీ ద్విలింగజీవే. తడి మట్టిలో, రాళ్ల కింద, కుండీల అడుగున గుడ్లను గొలుసులా పెడుతుంది.

పెద్ద ఆఫ్రికా నత్తనూ దీనినీ ఒకే గాటన కట్టి సలహా ఇవ్వడం తరచుగా జరిగే పొరపాటు. 1847లో మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో వదిలిన అకాటినా ఫులికాకు గుల్ల ఉంది. ఎండలు ముదిరితే అది గుల్లలోకి ముడుచుకొని, ద్వారాన్ని పలుచని పొరతో మూసుకొని నెలల తరబడి గడపగలదు. లెవికాలిస్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎండ వేళ అది మట్టి పగుళ్లలోనో, రాతి కిందనో, కుళ్లిన ఆకుల అడుగునో దాగవలసిందే. దాని రాకపోకలన్నిటినీ నిర్ణయించేది నీరే.

శరీరంలో అత్యధిక భాగం నీరు. పాకడానికి ముందుగా పరుచుకునే జిగురు కూడా దాదాపుగా నీరే. అంటే అది వేసే ప్రతి అడుగుకూ ఒంట్లో నీరు కొంత ఖర్చవుతుంది. ఏరియోలిమాక్స్ కొలంబియానస్ అనే అమెరికా స్లగ్‌పై మార్క్ డెన్నీ 1980లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇలా జిగురుపై పాకడానికయ్యే శక్తి వ్యయం ఎగరడం, ఈదడం, పరుగెత్తడం కంటే ఎంతో ఎక్కువ. అందులో సింహభాగం జిగురు తయారీకే పోతుంది. ఇంత ఖరీదైన ప్రయాణం చేసే జీవి పొడి గచ్చు మీదికి ఊరకే రాదు. వాననీటితో దాని దాగుడు స్థలం మునిగిపోయినా, రాత్రి గాలిలో తేమ పెరిగి బయటా లోపలా ఒకే విధమైన తడి ఏర్పడినా బయలుదేరుతుంది. స్నానాలగది తూము, బట్టలుతికే చోటు, సింకు కింద చుక్కచుక్కగా కారే గొట్టం, నీటి శుద్ధి యంత్రం పక్కన నిలిచిన చెమ్మ దానికి దారి చూపుతాయి. ఆ దారిలో కుక్క గిన్నెలో మిగిలిన అన్నమో, నేల మీద పెట్టిన కూరగాయల బుట్టో తగిలితే మరునాడూ వస్తుంది. వేసిన జిగురు దారినే తిరిగి పట్టుకొని పోయే స్వభావం స్లగ్‌లకు ఉంది. వరుసగా మూడు రోజులు ఒకే మూలన చార కనిపించడానికి కారణం ఇదే. పెరట్లోకి విసిరేసిన జీవి మళ్లీ ఇంట్లో తేలడంలోనూ వింత లేదు.

అందువల్ల చేయవలసిన మొదటి పని మందు కొనడం కాదు, రాత్రిపూట టార్చి పట్టుకోవడం. దీపాలార్పి ఇల్లు సద్దుమణిగాక ఒకసారి, తెల్లవారుజామున మరొకసారి చూడాలి. పగటిపూట చారను వెనక్కి అనుసరిస్తూ పోతే అది తలుపు కింది సందు దగ్గరో, తూము జాలీ దగ్గరో, కిటికీకి ఆనుకొని ఉన్న తీగ దగ్గరో ఆగుతుంది. ఒళ్లు మెత్తన కనుక తన లావులో కొంత భాగమే ఉన్న సందులోనూ ఇది దూరగలదు. ఎత్తయిన గడప దీన్ని ఆపుతుందనుకోవడం భ్రమ. నిలువు గోడనే అవలీలగా ఎక్కే జీవికి గడప ఒక లెక్క కాదు. తలుపు అడుగున నేలకు తాకేలా రబ్బరు పట్టీ బిగించడం, తూముకు సన్న కన్నుల స్టీలు జాలీ అమర్చడం, గొట్టాలు గోడలో దూరే చోట సిమెంటుతో సందులు పూడ్చడం ఫలితమిచ్చే పనులు. గోడకు ఆనుకొని పేర్చిన ఇటుకలు, పలకలు, పాత గోనె సంచులు, పోగుపడిన ఆకులు తొలగించి, గోడ చుట్టూ రెండడుగుల మేర నేలను ఎండ తగిలేలా ఉంచితే రాక చాలావరకు తగ్గుతుంది. సింకు కింద కారే గొట్టానికి కొత్త వాషరు వేయడమూ ఇక్కడ సస్యరక్షణ చర్యే.

ఇక ఉప్పు సంగతి. స్లగ్ మీద పడిన ఉప్పు ద్రవాభిసరణ ద్వారా ఒంటిలోని నీటిని లాగేస్తుంది. జీవి విపరీతంగా జిగురు స్రవించి చనిపోతుంది. దీన్ని చూసినవారు గుమ్మానికి అడ్డంగా ఉప్పు గీత గీస్తారు. అయితే గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ తానే తేమను పీల్చుకొని కరగడం మొదలుపెడుతుంది. వానాకాలపు రాత్రి ఆ స్థాయి దాటడం సర్వసాధారణం. నత్తలు తిరిగే రాత్రే గీత కరుగుతుంది. తెల్లారి కడిగితే ఆ నీరు గోడ అడుగుకో, పూల పాదుకో చేరుతుంది. గోడకు చేరితే పూత ఉబ్బి చౌడు పడుతుంది. పాదుకు చేరితే జరిగేదాన్ని విద్యార్థులు సులభంగా లెక్కగట్టవచ్చు. ఒక చెంచా ఉప్పు సుమారు 5 గ్రాములు. 5 కిలోల మట్టి ఉన్న కుండీ సంతృప్త స్థితిలో దాదాపు 2 లీటర్ల నీటిని పట్టి ఉంచిందనుకుంటే, ద్రావణంలో లీటరుకు 2.5 గ్రాముల ఉప్పు ఉన్నట్లు. అంటే సంతృప్త సారపు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసీసైమన్ల కంటే ఎక్కువగా పెరుగుతుంది. ఉప్పు నేలను, అంటే పాలచౌడును, వర్గీకరించే హద్దు కూడా 4 డెసీసైమన్లే. చిక్కుడు జాతి బీన్స్ 1 దాటగానే, టమాటా 2.5 దాటగానే దిగుబడి కోల్పోవడం మొదలవుతుంది. ఒక్క చెంచాతో కుండీని చౌడు నేలగా మార్చి, ఆ తరువాత మొక్క ఆకుల అంచులు మాడుతున్నాయని మరో ఛాయాచిత్రం పంపడం మిద్దెతోటలలో అరుదైన విషయమేమీ కాదు.

మెటాల్డిహైడ్ 2.5 శాతం గుళికలు పొలంలో, లేబుల్ మీద సూచించిన పంటల్లో, చెప్పిన మోతాదులో పనిచేస్తాయి. అక్కడ కూడా వాన పడితే వాటి పనితనం తగ్గుతుంది, ఎందుకంటే విషం తిన్న స్లగ్ కోల్పోయిన నీటిని తడి నేల నుంచి తిరిగి పొంది కోలుకోగలదు. ఎండిపోవడం వల్ల కలిగే మరణాన్ని తేమ వాయిదా వేస్తుందన్న మాట. ఇంటి విషయంలో అసలు చిక్కు వేరు. నత్తలను ఆకర్షించడానికి గుళికలను ధాన్యపు పిండి, తవుడు వంటి పదార్థాలతో చేస్తారు. ఆ రుచి కుక్కకూ నచ్చుతుంది. తిన్న కుక్కలో వణుకు, మూర్ఛ, తీవ్రమైన జ్వరం వస్తాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. పారాడే పిల్లలు నేల మీద దొరికిన గింజలాంటి వస్తువును నోట్లో పెట్టుకుంటారని వేరే చెప్పనక్కరలేదు. పక్షులకు, క్షీరదాలకు ముప్పు ఉన్నందున గ్రేట్ బ్రిటన్‌లో ఆరుబయట మెటాల్డిహైడ్ వాడకాన్ని 2022 మార్చి 31తో నిలిపివేశారు. పొలానికి చేసిన సిఫారసు ఇంటికి వర్తించదని ఫోనులోనే స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత సలహా ఇచ్చేవారిదే. అడిగినవారు ఏదో ఒక మందు పేరు కోసం పట్టుబట్టినా సరే.

పెరటి చిట్కాలలో కొన్నింటికి ఆధారముంది, మరికొన్నింటికి లేదు. పొడి బూడిద, సున్నం పొడిగా ఉన్నంతసేపు అడ్డుకుంటాయి. మంచు కురిసినా చాలు, వాటి పని అయిపోయినట్లే. బియ్యప్పిండి ముగ్గు అడ్డుకుంటుందన్న మాటను మాత్రం నమ్మడం కష్టం. పిండి, తవుడు వీటికి ఆహారమే కదా. రాగి పట్టీలు, గుడ్డు పెంకుల గురించి ఇప్పుడు విరివిగా వినిపిస్తోంది. ఇంగ్లండులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో లెట్యూస్ మొక్కలపై రాగి పట్టీ, గుడ్డు పెంకులు, గరుకు ఇసుకరాయి, పైన్ బెరడు, ఉన్ని గుళికలను పరీక్షించి, వీటివల్ల నష్టం తగ్గినట్లు తేలలేదని ప్రకటించింది. మన జాతులపై, మన వానాకాలంలో ఇటువంటి ప్రయోగం పెద్ద ఖర్చు లేకుండా జరపవచ్చు.

పనిచేసేది ఎర కంటే నీడ. సాయంత్రం పెరట్లో తడిపిన గోనె సంచి పరిచి, దాని కింద నాలుగు క్యాబేజీ ఆకులో బొప్పాయి ఆకులో ఉంచితే, తెల్లవారేసరికి స్లగ్‌లు దాని అడుగున చేరి ఉంటాయి. చేతులకు తొడుగులు వేసుకొని, లేదా పట్టకారుతో, వాటిని ఏరి మరుగుతున్న నీటిలో వేసి గొయ్యిలో పూడ్చాలి. ఎండ ఎక్కేలోగా సంచి ఎత్తకపోతే మనమే వాటికి ఇల్లు కట్టి ఇచ్చినట్లు. జెముడుకాకి, మిణుగురు పురుగుల పిల్లదశలు నత్తజాతులను తింటాయి. విషపు గుళికలు మానడానికి అదీ ఒక కారణమే.

తొడుగులు అనడం అతి జాగ్రత్త కాదు. ఎలుకల ఊపిరితిత్తుల రక్తనాళాలలో పెరిగే ఆంజియోస్ట్రాంజిలస్ కాంటోనెన్సిస్ అనే నులిపురుగును చెన్ 1935లో కాంటన్ నగరపు ఎలుకలలో గుర్తించారు. ఎలుక విసర్జితాన్ని తిన్న నత్తలు, స్లగ్‌లలో దాని లార్వాలు మూడో దశకు ఎదుగుతాయి. లెవికాలిస్ ఆల్టె కూడా అటువంటి మధ్యంతర ఆతిథేయే. ఆ లార్వాలు మనిషి కడుపులోకి చేరితే మెదడు పొరల వాపు రావచ్చు. ఆకుకూర ఉడికించి తినే అలవాటు మనకు పెద్ద రక్ష. పచ్చిగా నూరే కొత్తిమీర, పుదీనా పచ్చళ్లకు, కీరా ముక్కలకు ఆ రక్ష లేదు. ఆకును ఆకుగా విప్పి పారే నీటిలో కడగాలి. ఆకు మడతలో దాగిన చిన్న స్లగ్ అసలు ప్రమాదం. చేతికి జిగురు అంటితే వెంటనే నీరు పోయకూడదు, అది నీటిని పీల్చి మరింత జారుతుంది. ముందు పొడి గుడ్డతోనో కాగితంతోనో రుద్ది తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడగాలి.

మిద్దెతోట ఉన్న ఇంట్లో నీరు పెట్టే వేళ మార్చడం అన్నిటికంటే చవకైన చర్య. 1998లో ప్రచురితమైన స్విట్జర్లాండ్ పరిశోధనలో, సాయంత్రం కాకుండా ఉదయం నీరు పెట్టిన లెట్యూస్‌కు స్లగ్‌ల నష్టం గణనీయంగా తక్కువగా ఉంది. పగలంతా ఆరిన పైమట్టి రాత్రికి వాటికి అనుకూలం కాదు. కుండీల కింది పళ్లెంలో నీరు నిలవకుండా, కుండీలు నేలకు ఆనకుండా ఇనుప స్టాండ్ల మీద ఉండేలా చూడాలి. కొత్తగా కొన్న మొక్కను ఇంట్లోకి తెచ్చేముందు కుండీ నుంచి మట్టిగడ్డతో సహా జార్చి, వేళ్ల మధ్య, అడుగు రంధ్రాల దగ్గర గుడ్ల గొలుసు కోసం వెతకాలి. రెండు మూడు వారాలు వేరుగా ఉంచడం మంచిది. పొదగని గుడ్లు కంటికి కనపడకపోయినా ఆ వ్యవధిలో పిల్లలు బయటపడే అవకాశముంది.

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులకు ఇందులో చేయదగిన పని ఉంది. పది ఇళ్లు ఎంచుకొని, జూన్ నుంచి సెప్టెంబరు వరకు స్లగ్ కనిపించిన గంట, గది, ఆ రాత్రి సాపేక్ష తేమ, కుండీలకు నీరు పెట్టిన వేళ, చార మొదలైన చోటు నమోదు చేయాలి. తడి, పొడి బల్బుల ఉష్ణమాపకం, టార్చి, ఒక నోటు పుస్తకం చాలు. ఐదు ఇళ్లలో ఆగస్టు మొదటి వారం నుంచి ఉదయపు తడికి మారి, తక్కిన ఐదింటిలో సాయంత్రపు తడినే కొనసాగించాలి.