గిలక మీద రెండు చేదలు

రండర్రా, ఇలా అరుగు మీదకు రండి. చిన్నాడా, తేగ తిన్నాక చెయ్యి కడుక్కోమన్నానా, అక్క పరికిణీకి తుడవమన్నానా? సరే, కూర్చో. పొద్దున బావి దగ్గర మీరు చేసిన పని చూశాన్లే. గిలక మీంచి చేంతాడు వేసి, ఆ కొసకో చేద, ఈ కొసకో చేద కట్టి, ఒకదాంట్లో ఎక్కువ ఇసుక, ఇంకోదాంట్లో తక్కువ ఇసుక పోసి వదిలేశారు. మీ అమ్మ కేకలేసింది గానీ నాకు భలే ముచ్చటేసింది. కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పిన జార్జ్ అట్‌వుడ్ అనే ఆయన సరిగ్గా ఇదే ఆటను 1784లో పుస్తకంలో రాశాడు.

ఇప్పుడు చెప్పండి. ఒక చేద ఇసుకతో కలిపి 6 కిలోలు, రెండోది 4 కిలోలు. వదిలితే బరువుది ఎంత జోరుగా దిగుతుంది?

న్యూటన్ దారిలో వెళితే ఒక్కో చేదనూ విడిగా పిలిచి అడగాలి. నిన్ను భూమి ఎంత లాగుతోంది, తాడు ఎంత లాగుతోంది అని. భూమి సంగతి తెలుసు. తాడు బిగువు ఎంతో తెలీదు. అందుకని దానికో అక్షరం పెట్టి, రెండు సమీకరణాలు రాసి, ఆఖరికి ఆ అక్షరాన్నే కొట్టెయ్యాలి. విస్తరి వేసి కూర్చోబెట్టిన చుట్టాన్ని వడ్డించకుండానే లేపినట్టు! దారి తప్పేం కాదు, జవాబు వస్తుంది. కానీ ఆ తాడును అసలు పిలవకుండానే పని జరిగిపోతే?

ఆ ఉపాయం చెప్పినాయన పేరు లగ్రాంజ్. 1736లో ఇటలీలోని టూరిన్‌లో పుట్టాడు. పందొమ్మిదేళ్ల వయసులో, అంటే మన పెద్దోడికి ఇప్పుడున్న వయసులో, బెర్లిన్‌లో ఉన్న మహాగణితవేత్త ఆయిలర్‌కి ఉత్తరం రాసి తన కొత్త పద్ధతి వివరించాడు. ఆయిలర్ మెచ్చుకున్నాడు. 1788లో పారిస్‌లో వచ్చిన లగ్రాంజ్ పెద్ద పుస్తకంలో యంత్రాల గురించి, గ్రహాల గురించి ఉంది గానీ ఒక్క బొమ్మ కూడా లేదు. ఇందులో బొమ్మలు కనిపించవని ముందుమాటలోనే చెప్పేశాడు. బాణపు గుర్తులు గీసుకోకుండా యంత్రం నడక చెప్పగలగడమంటే ఎంత ధైర్యమో చూడండి.

ఆయన మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఎక్కడ ఏముందో చెప్పడానికి ఎన్ని అంకెలు చాలు? మన బావి దగ్గర ఒక్క అంకె చాలు. పెద్ద చేద ఎంత దిగిందో చెబితే చిన్నది అంతే ఎక్కిందని మీకే తెలుస్తుంది. తాడు చేసే పనంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది, ఇక దాన్ని పిలవక్కర్లేదు.

తర్వాత రెండు పద్దులు రాసుకోవాలి. కదలిక వల్ల ఉండే గతిజ శక్తి ఒకటి, ఎత్తు వల్ల ఉండే స్థితిజ శక్తి ఒకటి. మొదటిదాంట్లోంచి రెండోది తీసెయ్యాలి.

ఏమ్మా, కలపాలి కదా అంటావా? మంచి ప్రశ్న. కలిపితే వచ్చేది మారకుండా ఉంటుంది, కొట్టులో మొత్తం సరుకు లెక్కలాగా. తేడాకి ఇంకో విశేషం ఉంది. నువ్వు మామిడికాయ మీదకి రాయి విసిరావనుకో. నీ చేతినుంచి కాయదాకా, అంతే సమయంలో చేరే దారులు ఎన్నో ఊహించవచ్చు. ప్రతి దారికీ క్షణక్షణం ఆ తేడాను కూడుకుంటూ పోతే, రాయి నిజంగా వెళ్లే దారికే అన్నిటికన్నా తక్కువ మొత్తం వస్తుంది. నాకు ఇది మొదటిసారి అర్థమైన రోజు రాత్రి నిద్రపట్టలేదు. రాయికి లెక్కలు రావు కదా, అయినా ఆ దారే పోతుంది!

సరే, బావికి వద్దాం. ఆ తేడాని రెండు ప్రశ్నలు అడగాలి. వేగం కాస్త పెరిగితే నువ్వెంత మారతావు? చోటు కాస్త మారితే నువ్వెంత మారతావు? మొదటి జవాబు సెకనుకెంత పెరుగుతోందో, అది రెండో జవాబుకి సమానం. అంతే సూత్రం. ఇక్కడ రెండు చేదలూ ఒకే వేగంతో కదులుతాయి, కనక కదిలేది 10 కిలోలు. ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కుతోంది, కనక లాగేది 2 కిలోల బరువే. పదిని రెండు లాగుతోంది, అంటే ఊరికే పడే రాయి జోరులో ఐదో వంతు. రాయి మొదటి సెకనులో దాదాపు 5 మీటర్లు పడితే మన చేద ఒక్క మీటరే దిగుతుంది. గిలక రాపిడి వల్ల ఇంకాస్త మెల్లగానే అనుకోండి.

అట్లతద్ది ఉయ్యాలకీ ఒక్క అంకె చాలు, తాడు ఎంత వంగిందో. రెండు పద్దుల్లోనూ మనిషి బరువు ఒకేలా గుణకారంలో ఉంటుంది కనక ఎగిరిపోతుంది. అందుకే చిన్నగా ఊగితే నువ్వు ఊగినా మీ నాన్న ఊగినా దాదాపు ఒకటే లయ. మీటరు తాడుకి ఒక ఊపు వెళ్లిరావడానికి 2 సెకన్లు, నాలుగు మీటర్లకి 4.

ఈ పద్ధతి గొప్పతనమంతా నాకు ఎడ్లబండి కింద లాంతరులో కనిపిస్తుంది. బండి కదులుతోంది, దానికి వేలాడుతూ లాంతరు ఊగుతోంది. న్యూటన్ దారిలో ఇది చిక్కుముడే. ఇక్కడ రెండంకెలు చాలు: బండి ఎంత దూరం పోయింది, లాంతరు ఎంత వంగింది. అవే పద్దులు, అవే ప్రశ్నలు, రెండుసార్లు. లాంతరు ఊగితే బండి కూడా పిసరంత కదులుతుందన్న సంగతి దానంతటదే బయటికొస్తుంది! బండి సెకనుకి ఒక మీటరు చొప్పున వేగం పెంచుకుంటూ పోతే, అరమీటరు కింద వేలాడే లాంతరు రెండంగుళాలు వెనక్కి వాలుతుంది, బరువెంతైనా సరే.

చిన్నప్పుడు జాతర నుంచి రాత్రిపూట వస్తుంటే నేను గడ్డి మీద బోర్లా పడుకుని ముందు బండి కింద లాంతరునే చూసేవాణ్ణి. చక్రం ఆకుల నీడలు రోడ్డు పక్క చెట్ల మీద గిర్రున తిరిగేవి. మామయ్య ఎడ్లను నిలిపితే లాంతరు ముందుకు తూగి, వెనక్కొచ్చి, మళ్లీ తూగేది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాణ్ణి. పది వచ్చేసరికి నిద్రపోయేవాణ్ణి.