లీకైన ఫోటో కథాస్థలాన్ని చెప్పగలదా?

వైజ్ఞానిక కల్పన ప్రధానమైన సినిమా షూటింగ్ మొదలైందంటే చాలు, సెట్ నుంచి బయటికి పొక్కిన ఒకటి రెండు ఫోటోలను బట్టి కథ ఎక్కడ, ఏ కాలంలో జరుగుతుందో ఊహించడం పరిపాటి అయింది. సూరత్‌లోని లింబాయత్ వంటి ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఫోన్లకూ ఈ చిత్రాలు చేరుతుంటాయి. వాటిని ఎంతవరకు నమ్మవచ్చు?

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో మహేశ్ బాబు నటిస్తున్న చిత్రం ఇటీవలి ఉదాహరణ. 2025 మార్చిలో ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో షూటింగ్ జరుగుతుండగా ఒక దృశ్యం లీకైంది. దానిపై ఊహాగానాలు విస్తృతంగా సాగాయి. నవంబరు 15న రామోజీ ఫిల్మ్ సిటీలో 'వారణాసి' అనే పేరు ప్రకటిస్తూ చూపిన వీడియోలో మాత్రం క్రీ.శ. 512 నాటి వారణాసి, 2027 నాటి గ్రహశకలం, అంటార్కిటికా, ఆఫ్రికా, త్రేతాయుగపు లంక కనిపించాయి. ఏ ఒక్క సెట్ ఫోటో కూడా ఇంతటి విస్తృతిని పట్టి ఇవ్వజాలదు.

కారణం స్పష్టం. ఫోటో తెలిపేది చిత్రీకరణ స్థలాన్నే గాని కథాస్థలాన్ని కాదు. జోర్డాన్‌లోని వాదీ రమ్ ఎడారి 'ది మార్షియన్' (2015) చిత్రంలో అంగారక గ్రహంగా మారింది. సూరత్ సమీపంలోని డుమస్ తీరపు నల్లని ఇసుకను కూడా తెరపై మరో గ్రహంగా చూపవచ్చు. కాలం విషయంలోనూ ఇంతే. సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991) కథ 1526 నాటి విజయనగరానికీ, 2504 నాటి భవిష్యత్తుకూ సాగుతుంది. నాడు శ్రీకృష్ణదేవరాయల కొలువు ఫోటో ఒక్కటే బయటికి వచ్చి ఉంటే, దానిని చారిత్రక చిత్రమనే భావించేవారు.

వేషధారణ సైతం బలహీనమైన ఆధారమే. కృత్రిమ నూలు బట్టకు రంగులద్ది, మాపి, శతాబ్దాల నాటి వస్త్రంలా కనిపించేలా చేయవచ్చన్న సంగతి సూరత్ మగ్గాల కార్మికులకు వేరుగా చెప్పనక్కరలేదు. నటుల వెనుక పచ్చని లేదా నీలి తెర ఉందంటే, అక్కడి దృశ్యాన్ని తరువాత కంప్యూటర్‌లో చేర్చబోతున్నారని అర్థం. పలకలపై రాసిన లిపి, వాహనాలు, దీపాలు, ఆయుధాలు కొంత నయం. ఇవన్నీ ఒకే కాలాన్ని సూచించినప్పుడే ఊహకు బలం చేకూరుతుంది. అప్పుడు కూడా అది ఆ ఒక్క సన్నివేశానికే వర్తిస్తుంది.

పాత ఫోటోలను, కృత్రిమ మేధతో సృష్టించిన బొమ్మలను కొత్త చిత్రానివిగా పంచుతున్న రోజులివి. అందువల్ల ఫోటో ఎక్కడి నుంచి వచ్చిందో ముందుగా చూడాలి. పైగా నిర్మాత హక్కులున్న దృశ్యాలను తెలిసి ఉల్లంఘనగా ప్రచారం చేస్తే, కాపీరైట్ చట్టం 1957లోని 63వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడవచ్చు. లీకు జరిగినప్పుడు సెట్‌లోని చిన్న కార్మికులు, జూనియర్ ఆర్టిస్టులు అనుమానానికి గురయ్యే ప్రమాదమూ ఉంది. ఊహించడం ప్రేక్షకుల వేడుకే. అందుకు నిర్మాతలు అధికారికంగా విడుదల చేసే చిత్రాలు చాలు.