నల్గొండ నీళ్లలో ఫ్లోరైడ్: తప్పంతా రాతిదేనా?
నల్గొండ నీళ్లలో ఫ్లోరైడ్ రాతి నుంచి వచ్చిందే కాబట్టి అది ప్రకృతి శాపమని చాలామంది అంటారు. అందులో సగమే నిజం. గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉంది, కానీ చెరువులను వదిలేసి బోర్లను లోతుకు దించుకుంటూ పోయింది మనమే. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్లపాటు తాగితే పిల్లల పళ్లకు గార పడుతుంది; మోతాదు ఇంకా పెరిగితే ఎముకలు వంగిపోతాయి, ఆ వంకర మళ్లీ సరికాదు.

కాచి తాగితే చాలదా అంటే, క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. పటిక, సున్నంతో శుద్ధిచేసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు, అయినా రోజూ పాళ్లు చూసే మనిషి లేకపోతే అది నిలవదు. ఆర్వో యంత్రం వదిలే వ్యర్థజలంలో ఫ్లోరైడ్ మరింత గాఢంగా ఉంటుంది, అది మళ్లీ ఊరి నేలలోకే ఇంకుతుంది. కృష్ణా నీటిని ఇంటింటికీ ఇవ్వడమే సరైన దారి. కుళాయి ఆగిన పూట జనం బోరు దగ్గరికే వెళ్తారు, కాబట్టి ఆ సరఫరా ఒక్కరోజూ తప్పకూడదు.