లిస్మోరు నుండి ఢిల్లీకి

ఐర్లండు దేశమున వాటర్‌ఫర్డు మండలములో, బ్లాక్‌వాటరు నది యొడ్డున, లిస్మోరు అను చిన్న ఊరు కలదు. 1941వ సంవత్సరము నవంబరు 28వ తేదీన ఆ ఊరిలో, మండల గ్రంథపాలకుని ఏకైక పుత్రికకు పదియేండ్లు నిండినవి. తల్లిదండ్రులు ఆ బాలికకు ఎవరో వాడి విడిచిన సైకిలునొకదానిని కొని యిచ్చిరి. తాతగారు ఒక అట్లాసును కానుక చేసిరి, అదియు పాతదే. రెండు కానుకలును ఒక్కమారే చేతికి వచ్చుట కాకతాళీయము. కాని కొలది దినములకు ఊరి వెలుపలి కొండబాట నెక్కుచు, పెడళ్లపై ఒకదాని వెంట నొకటిగా దిగుచున్న తన కాళ్లను చూచుకొని, ఈ పనినే మానక చేయుచుపోయినచో భారతదేశమునకు చేరవచ్చును గదా యని ఆ బాలిక తలపోసెను. ఆమె పేరు డెర్వ్‌లా మర్ఫీ. ఆ సంకల్పమును ఆమె పెద్దల కెవ్వరికిని చెప్పలేదు. వినినచో నవ్వుదురనియు, వయసు వచ్చిన పిదప తానే మఱచిపోవునులే యందురనియు ఆమెకు తెలియును.

మర్ఫీ ఢిల్లీ చేరినది 1963వ సంవత్సరము జూలై 18వ తేదీన. సంకల్పమునకును సిద్ధికిని నడుమ ఇరువదియొక్క సంవత్సరములు గడచినవి. ఆమె యాత్రను గూర్చి వ్రాయువారు సామాన్యముగా మంచుతోను తోడేళ్లతోను మొదలుపెట్టుదురు. కాని ఆ యాత్రలో మిక్కిలి కష్టమైన భాగము, ఇల్లు విడువక మునుపే గడచినదని చెప్పిన తప్పు కాదు.

ఆమె తల్లి కీళ్లవాతముచే, బిడ్డ పసితనమునందే కాలుసేతులు స్వాధీనము తప్పి కుర్చీకి పరిమితమయ్యెను. పదునాలుగవ యేట మర్ఫీ చదువు మాని ఇంటికి వచ్చెను. వంటయు, ఇంటిపనియు, తల్లి శుశ్రూషయు ఆమె పాలబడినవి. ఇట్లు పదునాఱేండ్లు. విచిత్రమేమనగా, ఆమెను దేశములు చూచి రమ్మని ప్రోత్సహించినది ఆ తల్లియే. 1951లో వేల్సు, ఇంగ్లండులను, మఱుసటి యేడు బెల్జియము, జర్మనీ, ఫ్రాన్సులను, అటుపిమ్మట స్పెయినును ఆమె సైకిలుపై తిరిగి చూచెను. ప్రతి పర్యాయమును కొన్ని వారములే సెలవు. ఆ మీదట మఱల తల్లి ప్రక్కకు రావలసినదే. చివరి యేండ్లలో ఆ సెలవులును కఱవైనవి. 1979లో ప్రకటించిన స్వీయచరిత్రలో ఆమె ఈ కాలమును దాచక వ్రాసెను. తల్లియందు గాఢమైన ప్రేమయు, బందీనైతినను కసియు ఒక్క హృదయమునందే యుండునని ఒప్పుకొనుటకు ఆమె వెనుదీయలేదు. మాతృసేవను గూర్చి మన పాఠ్యపుస్తకములలో కానవచ్చు కథలలో ఈ రెండవ మాట సాధారణముగా ఉండదు. అది లేకున్నచో మొదటి మాటకును బలము తక్కువయే.

1961లో తండ్రియు, 1962లో తల్లియు మరణించిరి. మఱుసటి జనవరి 14వ తేదీన మర్ఫీ ఫ్రాన్సు తీరమునందలి డంకర్కు నుండి తూర్పునకు సైకిలు త్రిప్పెను. అప్పటి కామె వయసు ముప్పదియొక్క సంవత్సరములు.

ఆ సైకిలు పురుషులు తొక్కు తరహాది. దానికి ఆమె డాన్ క్విక్సోటు గుఱ్ఱము పేరు పెట్టెను. రోసినాంతె బక్కచిక్కిన గుఱ్ఱము. యజమాని కలలను మోయుటలో మాత్రము దానికి సాటి లేదు. పిలుచునపుడు ఆ పేరు ‘రోజ్’ అయినది. ఆసియా బాటలపై గేర్లు నిలువవని తలచి వానిని ఊడదీయించెను. దారిలో దొరకవను భయముతో టైర్లను మాత్రము ముందుగనే దూరపు పట్టణములకు పంపి యుంచెను. ఒక చిన్న పిస్తోలును గూడ సంపాదించి, కాల్చుట అభ్యసించెను.

ఆ యేడు ఐరోపాలోని చలి, ఆ శతాబ్దములో పేరుపడిన చలులలో నొకటి. యుగోస్లావియాలో మంచు మూలమున సైకిలు సాగక ఆమె ఒక లారీ నెక్కెను. అది చెట్టును గుద్దుకొనగా, సహాయమునకై కాలినడకన పోవునపుడు తోడేళ్లు మీదబడెను. పిస్తోలు ప్రాణము కాపాడెను. టర్కీలో, అరరాతు పర్వత ప్రాంతమున, గడియ లేని గదిలో నిద్రించుచుండగా ఒక పురుషుడు లోనికి జొరబడెను. ఆమె పైకప్పును కాల్చెను, వాడు పరుగెత్తెను. ఆమె గ్రంథములో ఇట్టి ఘట్టములు ఆక్రమించు పుటలు బహు స్వల్పము. ధైర్యశాలివని ఎవరైన పొగడినపుడు ఆమె ఒప్పుకొనెడిది కాదు. భయము కలిగియు ముందునకు సాగువారిది ధైర్యము, తనకు ఆ భయమే కలుగలేదు, కావున ఆ పొగడ్త తనకు చెల్లదని ఆమె వాదము. ఇది వినయము కాదు, నిర్వచనము. తెలుగున ‘ధైర్యము’, ‘నిర్భయము’ అను రెండు మాటలను ఒకటిగా వాడు మనము దీనిని కొంచెము ఆలోచింపవలెను.

పుటలను నింపినది మనుష్యులు. ఇరానులోను, ఆఫ్ఘనిస్థానములోను, పాకిస్థానములోను ఆమెకు రాత్రి బస దొరకినది టీ అంగళ్ల నేలలపైన, పేదల యిండ్లలోన. మోటారులో వచ్చువాడు తన గోడలను తనతోనే తెచ్చుకొనును. సైకిలుపై దుమ్ముకొట్టుకొని, దాహముతో వచ్చిన స్త్రీకి నీళ్లడుగక తప్పదు. అడిగినచోట మాట కలియును. తన బలము వలన కాక, తన అవసరము వలన ఆమె ఆ యిండ్లలో ప్రవేశించెను. ఆఫ్ఘనిస్థానమును ఆమె మిక్కిలి ప్రేమించెను. ఒక బస్సులో రేగిన తగవున తుపాకి మడమ తగిలి ఆమె ప్రక్కటెముకలు విఱిగినదియు ఆ దేశముననే. ఆ ప్రేమ దానివలన తగ్గలేదు. బస్సులు, లారీలు ఎక్కిన సంగతులను ఆమె ఎచ్చటను మఱుగుపఱచలేదు. అది పందెము కాదు గదా.

అట్టి ప్రేమకు ఒక దోషమును కలదు. ఆ కాలమున ఆఫ్ఘనిస్థానములో ఒకవైపు అమెరికావారును, ఒకవైపు రష్యావారును క్రొత్త రోడ్లు వేయుచుండిరి. వానిని చూచి ఆమె విచారించెను. ఆ బాటల వెంట వచ్చు నాగరికత ఆ ప్రజల ఠీవిని హరించునని ఆమె భయము. భయము నిరాధారము కాదు. కాని జ్వరపడిన బిడ్డను భుజమున వేసికొని వైద్యుని కొఱకు కొండలు దాటవలసిన తండ్రి ఆ రోడ్డును మఱియొక దృష్టితో చూచును. యాత్రికురాలు తెల్లవారి వెడలిపోగలదు, అతడు పోలేడు. ఈ భేదమును ఆమె తొలి గ్రంథము తగినంతగా గుర్తింపలేదనియే చెప్పవలెను. ఆమె భయపడిన రోడ్లు ఆ దేశమునకు చేసిన కీడు, ఆయుధములు చేసిన కీడు ముందఱ లెక్కకు రాదు. ఆమె బామియాను లోయకు పోయినపుడు కొండలో తొలిచిన రెండు మహా బుద్ధవిగ్రహములు నిలిచి యుండినవి. 2001వ సంవత్సరము మార్చిలో వానిని ప్రేలుడు మందుతో కూల్చివేసిరి.

అటుపిమ్మట గిల్గిత్తు లోయల యెండ. దాని వెంటనే 13,000 అడుగులకు మించిన బాబుసరు కనుమ మంచు. అచ్చట సైకిలు ఆమెను మోయలేదు, ఆమెయే సైకిలును మోసెను. పదియేండ్ల బాలిక చూచిన అట్లాసులో ఈ దేశమునకు పాకిస్థానమను పేరు లేదు. 1947లో గీచిన సరిహద్దును దాటి, ఆమె తాను ఎంచుకొన్న దేశమునందు కాలిడెను.

జూలై యెండలో ఢిల్లీ చేరగానే గమ్యము చేరినట్లే. తిరుగు ప్రయాణము కట్టవలసినది. ఆమె కట్టలేదు. 1959 నుండి టిబెట్టును వీడి వచ్చుచున్న శరణార్థుల బిడ్డలు ధర్మశాలలోని శిబిరమున క్రిక్కిఱిసి యుండిరి. దలైలామా అక్కగారు చెరింగ్ డోల్మా ఆ శిశుశాలను నడపుచుండెను. మర్ఫీ అచ్చటికి పోయి, గజ్జి, విరేచనములు, కండ్లకలకలతో బాధపడు పిల్లలకు కొన్ని నెలలు పరిచర్య చేసెను. పదునాఱేండ్ల శుశ్రూష నుండి విడుదల పొంది, ఖండములు దాటి వచ్చిన స్త్రీ మఱల రోగుల ప్రక్కననే కూర్చుండెను. ఈ పర్యాయము ఎవరును ఆమెను కూర్చుండబెట్టలేదు, భేదమంతయు ఇందున్నది. ఆ నెలల వృత్తాంతమును ఆమె 1966లో వేఱొక గ్రంథముగ వెలువరించెను.

దారి పొడవునను ప్రతి రాత్రియు, ఎంత అలసియున్నను, ఆమె దినచర్య వ్రాసి ఐర్లండులోని మిత్రులకు పంపుచుండెను. అచ్చువేయింపవలెనను తలంపు అప్పు డామెకు లేదు. పెనెలోపి చెట్వోడు అను రచయిత్రి ఢిల్లీలో పరిచయమై, లండనులోని జాన్ మఱే ప్రచురణ సంస్థకు పంపుమని సలహా యిచ్చెను. 1965లో అది ‘ఫుల్ టిల్ట్’ అను పేర పుస్తకమై వెలువడినది. తరువాతి యాబదియేండ్లలో ఆమె ఇరువదికి పైగా గ్రంథములు వ్రాసి, 2022వ సంవత్సరము మే 22వ తేదీన, పుట్టిన లిస్మోరుననే కన్ను మూసెను.

పెద్దలు నవ్వుదురని ఇరువదియొక్క సంవత్సరములు దాచిన మాటను, ఆ తొలి పుస్తకపు మొదటి పుటలోనే ఆమె అందఱికిని చెప్పివేసెను.