ప్రాసెసర్‌కు ఎదురుచూపులు తప్పితే

2023లో మార్కెట్‌కు వచ్చిన రెండు డెస్క్‌టాప్ ప్రాసెసర్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి ఇంటెల్ కోర్ ఐ9-14900కె. దానికి 24 కోర్లు, గరిష్ఠ వేగం 6 గిగాహెర్ట్జ్, విడుదలైనప్పటి ధర 589 డాలర్లు. రెండోది ఏఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డి. దీనికి ఉన్నవి 8 కోర్లు, వేగం 5 గిగాహెర్ట్జ్, ధర 449 డాలర్లు. అంకెలు చూసి ఎవరైనా మొదటిదే గెలుస్తుందంటారు. తీరా ఆటలు ఆడించి కొలిస్తే చాలా ఆటల్లో రెండోదే ముందుంటోంది. వెనకబడిన చోట కూడా తేడా స్వల్పమే. పైగా ఆట నడుస్తున్నంతసేపూ అది సుమారు 50 నుంచి 80 వాట్లతో సరిపెట్టుకుంటుంటే, ఇంటెల్ చిప్‌కు అదే పనికి 120 నుంచి 150 వాట్లు, బరువైన ఆటల్లో అంతకన్నా ఎక్కువే కావాల్సి వస్తోంది.

కోర్లు తక్కువ, వేగం తక్కువ, కరెంటు ఖర్చూ తక్కువ. మరి ఫ్రేములు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ఒక్క ఫ్రేము వెనక పని

తెర మీద సెకనుకు 144 ఫ్రేములు కదలాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 7 మిల్లీసెకన్ల లోపే. ఆ కాస్త సమయంలోనే ఆటగాడు ఏ మీట నొక్కాడో ప్రాసెసర్ చూసుకోవాలి. శత్రువులు ఎటు కదలాలో తేల్చాలి. ఏది దేనికి తగిలిందో లెక్కకట్టాలి. ఆ తర్వాత ఏమేం గీయాలో జాబితా రాసి గ్రాఫిక్స్ కార్డుకు అందించాలి. ఇందులో చాలా పని వరస తప్పకుండా జరగాల్సిందే. ఒకదాని ఫలితం తేలితే తప్ప రెండోది మొదలుకాదు. అందుకే 24 కోర్లున్నా అన్నిటికీ సరిపడా పని దొరకదు. నేటి ఆటల్లో ఎక్కువ భాగానికి చురుకైన 8 కోర్లు చాలు.

అసలు ఇబ్బంది సమాచారం తెచ్చుకోవడంలో ఉంది. ఆటలోని ఒక నగరాన్ని తీసుకోండి. అందులోని ప్రతి కారు, ప్రతి మనిషి, ప్రతి తూటా వివరాలు మెమరీలో ఎక్కడెక్కడో చెదిరి ఉంటాయి. ఒకదాన్ని చదివితేనే తర్వాతిది ఎక్కడుందో తెలుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో గడియారం ఒకసారి కొట్టుకోవడానికి పట్టేది 0.2 నానోసెకను. ఆ వ్యవధిలో కాంతి కూడా 6 సెంటీమీటర్లే పోగలదు. ర్యామ్‌ను అడిగిన సమాచారం రావడానికి మాత్రం 70 నుంచి 80 నానోసెకన్లు పడుతుంది. అంటే 350 నుంచి 400 సార్లు గడియారం కొట్టుకునేదాకా కోర్ ఎదురుచూడాలి. ఆధునిక కోర్లు ఆలోగా ముందున్న పనులు కొన్ని చేసుకోగలవు గానీ, గొలుసుకట్టుగా ఉన్న సమాచారం దగ్గర ఆ నేర్పు పెద్దగా అక్కరకు రాదు.

ఈ ఎదురుచూపు తగ్గించడానికే చిప్ లోపల క్యాష్ అనే చిన్న మెమరీని పెడతారు. పొయ్యి పక్కన పోపుల డబ్బా ఉన్నట్టన్నమాట. ఆవాలు కావాల్సినప్పుడల్లా వీధి చివరి కొట్టుకు పరుగెత్తాల్సి వస్తే ఎంత చేయి తిరిగిన వంటమనిషైనా పొయ్యి ముందు నిలబడే ఉంటుంది. క్యాష్ అంచెలంచెలుగా ఉంటుంది. మూడో అంచెలో సమాచారం దొరికితే సుమారు 10 నానోసెకన్లలో పని అయిపోతుంది. ఈ అంచె ఐ9-14900కెలో 36 మెగాబైట్లు, 7800ఎక్స్3డిలో 96 మెగాబైట్లు. ఆటల్లో తేడా అంతా ఇక్కడే మొదలవుతోంది.

చిప్ మీద చిప్

అంత క్యాష్ మేలు చేస్తున్నప్పుడు అందరూ ఎందుకు పెట్టరు? క్యాష్‌లో ఒక్క బిట్‌ను దాచడానికి మామూలుగా ఆరు ట్రాన్సిస్టర్లు కావాలి. అది సిలికాన్ మీద చాలా చోటు ఆక్రమిస్తుంది. చిప్‌ను పక్కకు పెంచుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుంది, తీగలు పొడవై జాప్యమూ పెరుగుతుంది. ఏఎండీ, తైవాన్ తయారీ సంస్థ టీఎస్ఎంసీ కలిసి పక్కకు బదులు పైకి కట్టాయి. 32 మెగాబైట్ల క్యాష్ ఉన్న చిప్ మీద మరో 64 మెగాబైట్ల పలక పరిచి, మధ్యలో టంకం చుక్కలేవీ లేకుండా రాగిని రాగితో నేరుగా అతికించాయి. నిట్టనిలువు దూరం అత్యల్పం కాబట్టి పై అంతస్తులోని సమాచారమూ దాదాపు అంతే త్వరగా అందుతుంది.

2021 కంప్యూటెక్స్ ప్రదర్శనలో ఏఎండీ అధినేత లీసా సూ దీని నమూనాను చూపించారు. మామూలు చిప్‌ను, అదనపు క్యాష్ ఉన్న చిప్‌ను రెండింటినీ 4 గిగాహెర్ట్జ్ దగ్గరే కట్టేసి ఆటలు నడిపారు. అదనపు క్యాష్ ఉన్న చిప్ సగటున 15 శాతం ముందుందని ప్రకటించారు. క్లాక్ వేగంలో పిసరంత మార్పు లేకుండా ఎదురుచూపు తగ్గించినందుకే వచ్చిన లాభం అది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి గరిష్ఠ వేగం 4.5 గిగాహెర్ట్జ్. క్యాష్ పలక లేని 5800ఎక్స్‌ది 4.7. నెమ్మదైన చిప్పే ఆటల్లో గెలిచింది.

కరెంటు లెక్క

చిప్ ఖర్చు చేసే విద్యుత్తుకు ఒక సూటి సూత్రం ఉంది. అది క్లాక్ వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజికి మాత్రం వర్గంగా పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచక తప్పదు. రెండూ పదేసి శాతం పెంచితే విద్యుత్తు 33 శాతం పెరుగుతుంది. ఇరవయ్యేసి శాతం పెంచితే 73 శాతం. చివరి కొద్దిపాటి వేగానికి చెల్లించే మూల్యం అన్నిటికన్నా ఎక్కువ.

ట్రాన్సిస్టర్లు చిన్నవైన కొద్దీ వోల్టేజి కూడా తగ్గించుకుంటూ పోవచ్చని ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ బృందం 1974లో చూపించింది. దాదాపు మూడు దశాబ్దాల పాటు పరిశ్రమ ఆ బాటలోనే నడిచింది. 2005 ప్రాంతానికి ఆ వెసులుబాటు అయిపోయింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను తెస్తామన్న ఇంటెల్ 2004లోనే ఆ ఆలోచన విరమించుకుంది. రెండు దశాబ్దాల తర్వాత 6 గిగాహెర్ట్జ్ అందుకోవడానికి అదే సంస్థ ఐ9-14900కెకు 253 వాట్ల దాకా అనుమతి ఇచ్చింది. ఆ తరం చిప్‌లలో కొన్ని అస్థిరంగా మారడంతో, వోల్టేజి మితిమీరి పెరగడమే కారణమని 2024లో ఇంటెల్ తేల్చి మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది.

క్యాష్ పలకకూ ఒక బలహీనత ఉంది. కోర్లున్న చిప్ నెత్తిన కూర్చోవడంతో అది వేడిని తేలిగ్గా బయటికి పోనివ్వలేదు. అందుకే 5800ఎక్స్3డి, 7800ఎక్స్3డిలను తక్కువ వోల్టేజి, తక్కువ వేగం దగ్గర ఆపాల్సి వచ్చింది. ఆ నిర్బంధం పొదుపుకు మేలే చేసింది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డిలో పలకను కోర్ల కిందికి మార్చారు. వేడి తేలిగ్గా పోతోంది కాబట్టి వేగం 5.2 గిగాహెర్ట్జ్‌కు చేరింది. ఆటల్లో మరింత ముందుకు వెళ్లింది, కరెంటు మాత్రం 7800ఎక్స్3డి కన్నా ఎక్కువ తీసుకుంటోంది.

2024 అక్టోబరులో ఇంటెల్ తెచ్చిన కోర్ అల్ట్రా 9 285కె ఇదే పాఠాన్ని మరో వైపు నుంచి చెబుతుంది. దాని కోర్లు కొత్తవి, విద్యుత్తు వాడకం 14900కె కన్నా బాగా తక్కువ. కానీ మెమరీ నియంత్రణ వేరే పలక మీదికి వెళ్లడంతో ర్యామ్ నుంచి సమాచారం రావడానికి పట్టే సమయం పెరిగింది. ఫలితంగా చాలా ఆటల్లో పాత 14900కెని అందుకోలేకపోయింది.

మీ పనికి ఏది?

అదనపు క్యాష్ పలక ఉన్న ఎక్స్3డి చిప్‌లు అన్ని పనులకూ మేలైనవేమీ కావు. వీడియో ఎన్‌కోడింగ్, త్రీడీ రెండరింగ్ లాంటి పనులను ముక్కలుగా పంచుకోవచ్చు కాబట్టి 24 కోర్ల చిప్‌లే వాటిని త్వరగా ముగిస్తాయి. ఆటలు లేకుండా కంప్యూటర్ ఊరికే వెలుగుతున్నప్పుడు, విడివిడి పలకలతో కట్టిన రైజెన్ చిప్‌లే 14900కె కన్నా ఎక్కువ కరెంటు వాడతాయి. ఇక 4కె తెర మీద ఆడేవారికి ప్రాసెసర్ల తేడా చాలాసార్లు కనిపించదు. అక్కడ భారమంతా గ్రాఫిక్స్ కార్డుదే. పరీక్షకులు ప్రాసెసర్లను 1080పి తెర మీద, అత్యంత శక్తిమంతమైన కార్డుతో కొలిచేది ఇందుకే.

పెట్టె మీద రాసిన వాట్ల అంకెను నమ్ముకుని పోల్చవద్దు. 7800ఎక్స్3డికి 120 వాట్లని రాసినా అది 162 వాట్ల దాకా వెళ్లేందుకు అనుమతి ఉంది, ఆటల్లో మాత్రం దానికి సగమైనా వాడదు. 14900కె మీద ఉన్న 125 వాట్లు మూల వేగానికి చెప్పిన లెక్క. ఆ చిప్ ఇప్పటికే ఉన్నవారు బయోస్‌లో విద్యుత్ పరిమితిని 125 వాట్లకు తగ్గించుకుంటే ఆటల్లో పోయేది కొద్ది శాతమే.

రోజుకు మూడు గంటలు ఆడే ఇంట్లో 70 వాట్ల తేడా అంటే ఏడాదికి సుమారు 77 యూనిట్లు. బిల్లుకు అది పెద్ద బరువు కాకపోవచ్చు. అయితే ప్రాసెసర్ తీసుకున్న ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఆ వేడిని ఏసీ మళ్లీ కరెంటు పెట్టి బయటికి తోయాలి. కాబట్టి ప్రాసెసర్ కొనేముందు గిగాహెర్ట్జ్ ఎంత, కోర్లెన్ని అన్న ప్రశ్నలతో ఆగకండి. మీరు ఆడే ఆటలో సెకనుకు ఎన్ని ఫ్రేములిస్తోంది, వాటికి ఎన్ని వాట్లు తీసుకుంటోంది అని అడగండి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసేవారికి ఖరీదైన చిప్ ఏదో, మంచి చిప్ ఏదో విడిగా తెలుస్తుంది.