మీకు తెలుసా? కోనసీమలో జనం పెరగడం నెమ్మదించినా నేల భారం ఆగలేదు

జనం పెరిగితే తిండి కావాలి, తిండి కోసం సాగు పెరగాలి, సాగు పెరిగితే నేలా నీరూ నలుగుతాయి. బడిలో మనమంతా చదువుకున్న లెక్క ఇది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ సముద్రం అంచున ఉన్న కోనసీమలో మాత్రం ఈ లెక్క అచ్చం ఇలాగే నడవలేదు. ఇక్కడ జనం ఒకప్పుడు తగ్గిపోయారు, తరువాత బాగా పెరిగారు, ఇప్పుడు ఆ పెరుగుదల బాగా నెమ్మదించింది. నేల మీద భారం మాత్రం ఏటికేడు ఎక్కువవుతూనే ఉంది. అది ఎందుకో చెప్పే సంగతులు ఇవి.

1. గోదావరి పక్కనే ఉన్నా జనం తగ్గిపోయారు

1821లో అమలాపురం ప్రాంతంతో కలిపి రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7 లక్షల 38 వేలు. ఇరవై ఏళ్ల తరువాత, 1841లో, అది దాదాపు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. మధ్యలో 1832-33 నాటి నందన కరువు వచ్చింది. తుపాన్లు, వరదలు వచ్చాయి. బతుకుతెరువు కోసం ఊళ్లు వదిలి వెళ్లినవాళ్లూ ఉన్నారు. నది నిండుగానే పారేది. ఆ నీరు పొలానికి ఎక్కే దారి లేక సముద్రంలో కలిసిపోయేది.

2. అయిదేళ్లలో లేచిన ఆనకట్ట తరాల రాత మార్చింది

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ దొర ఆలోచనకు, వీణెం వీరన్న వంటివారి పనితనం, వేలాది కూలీల చెమట తోడయ్యాయి. కాలువలు పారాక సాగు విస్తరించింది, వలస వచ్చేవాళ్లు పెరిగారు. 1901 నాటికి గోదావరి జిల్లా జనాభా 23 లక్షలకు చేరింది. మధ్యలో జిల్లా సరిహద్దులు మారాయి కాబట్టి పాత అంకెతో దీన్ని నేరుగా పోల్చకూడదు. అయినా ఖాళీ అవుతున్న నేల జనంతో నిండిందన్న సంగతి ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ జనం పెరిగాక సాగు రాలేదు. సాగునీరు వచ్చాకే జనం పెరిగారు.

3. నది మీదుగా కాలువ దాటిన చోటు

వైనతేయ పాయకు అవతల ఉన్న నగరం లంకకు నీరు ఎలా చేర్చాలన్నది ఆనాటి ఇంజనీర్లకు పెద్ద చిక్కు. దానికి జవాబుగా 1850లలో పి.గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడక్టు కట్టారు. కింద నది, పైన కాలువ. దాంతో రాజోలు వైపు పల్లెలకు పంట నీరు అందింది. తరువాతి కాలంలో పక్కనే కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వేళకాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన ఆ లంకల గన్నవరం ఇల్లాలి పేరు, అన్నం పండించే నీటి దారికి పెట్టడం ఎంతో తగిన పని.

4. ఇప్పుడు జనాభా పెరుగుదల అంతంత మాత్రమే

2001 నుంచి 2011 మధ్య దేశ జనాభా 17 శాతానికి పైగా పెరిగింది. అదే పదేళ్లలో ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా జనాభా పెరిగింది సుమారు 5 శాతమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. ఈ తగ్గుదల చూసే, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను రాష్ట్ర శాసనసభ 2024లో ఎత్తివేసింది. పైగా అమలాపురం, రాజోలు పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లి పనిచేస్తున్నవాళ్లు ఎందరో.

5. మరి భారం ఎవరిది?

కోనసీమలో ఇప్పటికే జనసాంద్రత ఎక్కువ. 2022లో ఏర్పడిన జిల్లా పరిధిని తీసుకుంటే, 2011 లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 800 మందికి పైగా ఉన్నారు. దేశ సగటు 382. అయినా ఇక్కడి నేల మోసేది ఇక్కడివాళ్ల తిండిని మాత్రమే కాదు. అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి బయటి రాష్ట్రాలకు వెళతాయి. మన రొయ్యలను ఎక్కువగా కొనేది అమెరికా. ప్రపంచ జనాభా 2022 నవంబరులో 800 కోట్లు దాటింది. ఆ జనం ఆకలి, ఆ జనం రుచి కూడా ఈ చిన్న నేల మీదే కొంత బరువు మోపుతున్నాయి.

6. నీరు రావడం కంటే పోవడమే కష్టం

డెల్టాలో రెండు రకాల కాలువలు ఉంటాయి. పంట కాలువ నీరు తెస్తుంది, మురుగు కాలువ నీటిని సముద్రానికి చేరుస్తుంది. కోనసీమ నేల సముద్ర మట్టానికి దగ్గరగా ఉండడంతో రెండోదే ప్రాణం. కూనవరం, వాసాలతిప్ప, కౌశిక, పంచనది వంటి డ్రెయిన్లలో పూడిక పేరుకుంటే, ఆక్రమణలతో వెడల్పు తగ్గితే, మొగ దగ్గర ఇసుక మేట వేస్తే, సార్వా పైరు రోజుల తరబడి ముంపులో ఉండిపోతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వాలో పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు ఊడ్చకుండా వదిలేశారు. గిట్టుబాటు ధర, కూలీ ఖర్చులతో పాటు ముంపు కూడా వాళ్ల ప్రధాన బాధ. దీనిపై ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో మళ్లీ కొన్ని మండలాల్లో పంట విరామం మాట వినిపించింది. దేశానికి అన్నం పెట్టే నేలలో రైతు తనంతట తాను పొలం బీడు పెట్టుకున్నాడంటే అది చిన్న సంగతి కాదు.

7. ముంపును తట్టుకునే వరి మన పొరుగు నుంచే

వసిష్ఠకు అవతల, మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం దేశంలో లక్షల ఎకరాలకు పాకింది. అదే కేంద్రం విడుదల చేసిన మరో రకానికి కాటన్‌దొర సన్నాలు అని పేరు పెట్టారు. ఒడిశాకు చెందిన ఒక పాత వరి రకంలో మునిగినా చావని గుణాన్ని శాస్త్రవేత్తలు కనిపెట్టి, దాన్ని స్వర్ణలోకి తెచ్చారు. అలా వచ్చిన స్వర్ణ సబ్-1 రకం మన దేశంలో 2009లో విడుదలైంది. పైరు దశలో దాదాపు రెండు వారాల ముంపును ఓర్చుకుని మళ్లీ చిగురిస్తుంది. ఎవరూ పట్టించుకోని పాత విత్తనమే కోట్ల మందికి అక్కరకొచ్చింది. అందుకే నాటు రకాలను కాపాడుకోవాలి.

8. మన యూరియాతో గుర్రపుడెక్క బతుకుతోంది

గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే పద్ధతి లేకపోతే నేటి ప్రపంచ జనాభాలో దాదాపు సగానికి తిండి ఉండదని శాస్త్రవేత్తల అంచనా. ఆ మేలును కాదనలేం. కానీ వరి పొలంలో వేసిన యూరియాలో పైరుకు అందేది సగం కంటే తక్కువే. మిగిలింది గాలిలో, నేలలో, నీటిలో కలుస్తుంది. మురుగు కాలువలోకి చేరిన ఆ బలాన్ని దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క తింటుంది, కాలువంతా అల్లుకుపోతుంది, నీటికి అడ్డం పడుతుంది. అదనంగా చల్లిన బస్తా ఇలా తిరిగి మన పొలాన్నే ముంచుతుంది. నేల పరీక్ష చేయించి, తగినంత ఎరువును విడతలుగా వేస్తే ఖర్చూ తగ్గుతుంది, కాలువా తేరుకుంటుంది.

9. నీళ్లు నిలిచిన పొలం వాతావరణాన్నీ వేడెక్కిస్తుంది

గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారు చేస్తాయి. మనుషుల పనుల వల్ల ప్రపంచంలో వెలువడే మీథేన్‌లో సుమారు 8 నుంచి 10 శాతం వరి పొలాలదే. పొలాన్ని ఎప్పుడూ నీటితో నింపి ఉంచకుండా, మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ తడి పెడితే ఈ వాయువు బాగా తగ్గుతుంది, నీరూ ఆదా అవుతుంది. దాళ్వాలో దీన్ని పాటించే వీలుంది. అయితే పొలం ఆరాలంటే ముందు మురుగు కాలువ పారాలి.

10. ఒకరి చెరువు, పక్కవారి చేను

వరిలో నష్టపోయిన రైతు చెరువు తవ్వితే అతన్ని తప్పుపట్టలేం. 2009లో వనామి రొయ్య సాగుకు అనుమతి వచ్చాక తీరంలో చెరువులు బాగా పెరిగాయి. ఉప్పునీటి చెరువు నుంచి ఊట పక్క చేలోకి దిగుతుంది. బోరు నీళ్లు ఉప్పగా మారతాయి. నేల చౌడు పడితే మళ్లీ వరి పండించడం చాలా కష్టం. చివరికి పక్క రైతు కూడా చెరువే తవ్వుకుంటాడు. తీరంలో రొయ్యల సాగు వల్ల జరిగే చేటు మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న కీలకమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. నియమాలకు కొదవ లేదు. వాటిని అమలు చేయించే పట్టుదలే కావాలి.

11. గోదావరి తెచ్చే ఒండ్రు మూడో వంతుకు దగ్గరపడింది

కోనసీమ అంతా గోదావరి తెచ్చిన ఒండ్రుతో తయారైన నేల. 1970లలో నది ధవళేశ్వరం దగ్గరకు ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990లలో అది 6 కోట్ల టన్నుల లోపుకు తగ్గిందని ఆంధ్రా విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ఎగువన కట్టిన డ్యాముల్లోనే మట్టి ఆగిపోతోంది. కొత్త మట్టి రాకపోతే కెరటాలు ఒడ్డును కోస్తాయి, ఉప్పునీరు లోపలికి వస్తుంది. ఈజిప్టులో ఆస్వాన్ డ్యామ్ కట్టాక నైలు డెల్టాకు ఇదే గతి పట్టింది.

12. ఉప్పు ముందు తలవంచిన కొబ్బరి

కొబ్బరి కాస్త ఉప్పును ఓర్చుకుంటుంది. వేళ్ల దగ్గర ఉప్పునీరు నిలిచిపోతే మాత్రం తట్టుకోలేదు. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ గుండా పోటు నీరు ఎగదన్ని, కేశనపల్లి వంటి ఊళ్లలో తోటలకు తోటలు మొవ్వులు రాలి మోడులయ్యాయి. నీటిని బయటికి పంపాల్సిన కాలువే సముద్రాన్ని లోపలికి తెచ్చింది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసి, లక్షల కొబ్బరి చెట్లను కూల్చింది. ఇలాంటి గాలులకు, కెరటాలకు ముందుగా అడ్డం నిలిచేవి మడ అడవులు. గౌతమి మొగ దగ్గరి కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. ఇటు కాట్రేనికోన తీరంలో ఉన్న మడలనూ అంతే శ్రద్ధగా చూసుకోవాలి.

13. పురుగుతో పోరాడే పురుగు అంబాజీపేటలో ఉంది

2016 నుంచి రుగోస్ తెల్లదోమ కొబ్బరి ఆకులను మసి పట్టిస్తోంది. దీనికి మందులు కొట్టుకుంటూ పోతే మేలు చేసే పురుగులూ చస్తాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం తెల్లదోమను తినే మిత్రపురుగులను, దాన్ని చంపే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందిస్తోంది. గోదావరి గంగ అనే సంకర కొబ్బరి రకం ఇచ్చింది కూడా ఈ కేంద్రమే.

ఈ సంగతులన్నీ కలిపి చూస్తే ఒకటి తేలుతుంది. కోనసీమకు ముప్పు ఎక్కువ మంది పుట్టడం వల్ల రావడం లేదు. నీటిని బయటికి పంపే దారిని నిర్లక్ష్యం చేయడం వల్ల, ఒండ్రును ఎగువన ఆపేయడం వల్ల, ఉప్పును చేతులారా లోపలికి పిలవడం వల్ల వస్తోంది. నీరు తెచ్చిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. నీటిని పంపే డ్రెయిన్‌కు కూడా అంత విలువ ఇవ్వాలి. ఈసారి మీ ఊరి గ్రామసభలో రోడ్డు గురించి, లైట్ల గురించి అడిగినట్టే, మురుగు కాలువలో పూడిక ఎప్పుడు తీస్తారని, ఆక్రమణలు ఎప్పుడు తొలగిస్తారని, చెరువులకు అనుమతులు ఉన్నాయా అని అడగండి. సార్వా ఊడ్పులకు ముందే అడగండి.