బైపీసీ తీసుకునే పిల్లలకు కోడింగ్ ఎందుకు?



పై ప్రశ్న మన సమావేశాల్లో తరచూ వినిపిస్తుంది. దానికి ఒక జవాబు బేకరీలో దొరుకుతుంది.

బ్రెడ్ పిండిని పొంగించే ఈస్ట్ ఒక శిలీంధ్రం. 1996లో శాస్త్రవేత్తలు దాని డీఎన్ఏ మొత్తాన్ని చదివి ప్రకటించారు. ఏ, టీ, జీ, సీ అనే నాలుగే అక్షరాలతో, ఖాళీలు, చుక్కలు లేకుండా రాసిన సుమారు 1 కోటి 20 లక్షల అక్షరాల పుస్తకం అది. అందులో జన్యువులు ఎక్కడున్నాయో కంటితో వెతకడం అయ్యే పని కాదు.

కంప్యూటర్ ఎలా వెతుకుతుంది?

ప్రోగ్రాం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ‘ఏటీజీ’ మొదలుపెట్టే గుర్తు. ‘టీఏఏ’, ‘టీఏజీ’, ‘టీజీఏ’ ఆగే గుర్తులు. మూడక్షరాల కలయికలు మొత్తం 64. అక్షరాలు ఎలాపడితే అలా పడి ఉంటే సగటున 21 కలయికలకు ఒక ఆగే గుర్తు రావాలి. వంద దాటినా రాలేదంటే అక్కడ జన్యువు ఉండొచ్చు. పదో తరగతి సంభావ్యత పాఠమే ఇది!

సరిచూసుకోవడం ఎందుకు?

ఇంత పెద్ద పుస్తకంలో అలాంటి పొడవాటి వరసలు కాకతాళీయంగానూ ఏర్పడతాయి. అందుకే 2003లో పరిశోధకులు ఈ ఈస్ట్‌ను దగ్గరి బంధువులైన మరో మూడు ఈస్ట్ జాతులతో పోల్చారు. నిజమైన జన్యువు బంధువుల్లోనూ చెక్కుచెదరకుండా కనిపించాలి. ఆ పరీక్షకు నిలవని సుమారు 500 ‘జన్యువులు’ అసలు జన్యువులే కావని తేల్చారు.

ఉన్నవి జారిపోయే ప్రమాదమూ ఉంది. మన వరి రైతులను వేధించే అగ్గి తెగులుకు కారణం కూడా శిలీంధ్రమే. 2005లో ప్రచురించిన దాని జీనోమ్‌లో సుమారు 11 వేల జన్యువులున్నాయని అంచనా వేశారు. మొక్క రక్షణను దెబ్బతీయడానికి అది వదిలే ప్రొటీన్లలో చాలావాటి జన్యువులు పొట్టివి. ‘వంద దాటాలి’ అన్న నియమం ఒక్కటే పెట్టుకుంటే అవి జల్లెడలోంచి జారిపోతాయి. పైగా చాలా శిలీంధ్రాల జన్యువుల మధ్యలో ఇంట్రాన్లనే అడ్డు ముక్కలుంటాయి. అందుకే తెలిసిన జన్యువులతో ప్రోగ్రాంకు శిక్షణ ఇచ్చి, కణంలోని ఆర్ఎన్ఏతో ఫలితాన్ని సరిపోలుస్తారు. తెగులును తట్టుకునే వంగడాల పరిశోధనకు ఈ జాబితా ఎంతో అవసరం. జాబితా తప్పైతే ఆ శ్రమా దారి తప్పుతుంది.

కోడ్ రాయడం సగం పని. వచ్చిన జవాబును అనుమానించి సరిచూడటం మిగతా సగం. దానికి జీవశాస్త్రం తెలియాలి.

పిల్లలతో ఇంట్లో చేయించండి

ఈ వరసలో జన్యువును గుర్తించమనండి:
సీ ఏ టీ జీ జీ సీ టీ టీ టీ సీ టీ ఏ ఏ జీ

జవాబు: ఏటీజీ – జీసీటీ – టీటీసీ – టీఏఏ